పొట్ట మీద సంచితో జీవితం: స్టోమా ఉన్నవారు, వారి ఇంట్లోవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్దపేగు క్యాన్సర్, పేగుల్లో పుండ్లు, మూత్రాశయ క్యాన్సర్, రోడ్డు ప్రమాదం. కారణం ఏదైనా, ఆపరేషన్ తర్వాత పొట్ట మీద సంచితో ఇంటికి వచ్చినవారు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామందే ఉన్నారు. బయటికి చెప్పుకోరు కాబట్టి ఒకరి సంగతి మరొకరికి తెలియదు. మలం గానీ మూత్రం గానీ బయటికి వచ్చేలా పొట్ట మీద చేసిన ద్వారాన్ని స్టోమా అంటారు, దాని మీదే సంచి అతికిస్తారు. నాకూ ఇలియోస్టమీ అనే రకం స్టోమా ఉంది. కొత్తగా ఆపరేషన్ అయినవారు, వారి కుటుంబాలు నన్ను అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

పరామర్శకు వచ్చిన ప్రతివారూ "ధైర్యంగా ఉండండి" అంటారు. సంచి కారుతుంటే ఎవరికీ ధైర్యం రాదు. ముందు కారడం ఆగాలి, చర్మం మానాలి, రాత్రి నిద్ర పట్టాలి. అవి కుదిరాక ధైర్యం తనంతట తానే వస్తుంది. అందుకే ఇక్కడ ఓదార్పు కన్నా ఏర్పాట్ల గురించే ఎక్కువ రాశాను. మీ డాక్టరు చెప్పినదానికీ నేను రాసినదానికీ తేడా ఉంటే డాక్టరు మాటే వినండి.

నాకు పెట్టింది ఏ రకం సంచి? తెలుసుకోవడం అంత అవసరమా?

చాలా అవసరం. పెద్దపేగును పొట్ట గోడ గుండా బయటికి తెస్తే కొలోస్టమీ. ఇది ఎక్కువగా ఎడమవైపు ఉంటుంది, మలం కాస్త గట్టిగానే వస్తుంది. చిన్నపేగు చివరి భాగాన్ని తెస్తే ఇలియోస్టమీ. ఇది సాధారణంగా కుడివైపు ఉంటుంది, పగలూ రాత్రీ పలచగా వస్తూనే ఉంటుంది. మూత్రం బయటికి వచ్చేలా చేస్తే యూరోస్టమీ. డిశ్చార్జి కాగితంలో ఏది రాశారో అడిగి, ఇంట్లో అందరికీ తెలిసేలా ఉంచండి. కొలోస్టమీ ఉన్నవారికి మలబద్ధకం వస్తే ఇచ్చే విరేచనాల మందు ఇలియోస్టమీ ఉన్నవారు వేసుకుంటే ఒంట్లో నీరంతా పోయి ప్రాణం మీదికి వస్తుంది. మందుల షాపులో ఏది కొన్నా "నాకు ఇలియోస్టమీ ఉంది" అని ముందే చెప్పండి. పేగులో మెల్లగా కరిగేలా తయారుచేసిన మాత్రలు కూడా కొందరికి కరగకుండానే సంచిలోకి వచ్చేస్తాయి. అలా కనిపిస్తే డాక్టరుకు చెప్పి వేరే రూపంలో రాయించుకోండి.

ఎర్రగా బయటికి ఉన్న ఆ భాగాన్ని చూడాలంటేనే భయం. తుడిస్తే రక్తం కూడా వస్తోంది.

అది మీ పేగు లోపలి పొర, మీ నోటి లోపలి చర్మం లాంటిదే. తడిగా, ఎర్రగా ఉండటమే ఆరోగ్యం. తుడిచినప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం రావడం మామూలే. దానికి నొప్పి తెలియదు. నొప్పి తెలియదు కాబట్టి గాయమైనా తెలియదు, అందుకే సంచి మార్చినప్పుడల్లా ఒకసారి కళ్లారా చూసుకోవాలి. ఊదా రంగుకో నలుపుకో తిరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మొదటిసారి చూడటం కష్టం, కాదనను. కొందరు వారాల తరబడి ముఖం తిప్పుకునే ఉంటారు, భార్యో కూతురో మారుస్తుంటారు. తొందరపెట్టవద్దు. అయితే సంచి ఖాళీ చేయడమైనా మీరే చేయడం మొదలుపెట్టండి. తన పని తాను చేసుకోగలనన్న నమ్మకం అక్కడే మొదలవుతుంది.

సంచి అతికించిన మరుసటి రోజే ఊడి కారుతోంది. ఖరీదైన కంపెనీది కొనాలా?

కొనేముందు కొలత చూడండి. ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాపు తగ్గి చిన్నదవుతుంది. ఆసుపత్రిలో మొదటి రోజు కత్తిరించి ఇచ్చిన కొలతతోనే నెలల తరబడి రంధ్రం కత్తిరించుకుంటున్నవారిని చాలామందిని చూశాను. రంధ్రం పెద్దదైతే మలం చర్మానికి తగులుతుంది, చర్మం ఒరుసుకుపోయి తడిసిపోతుంది, తడి మీద ఏ జిగురూ నిలవదు. స్టోమా అంచుకూ రంధ్రం అంచుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఖాళీ ఉండకూడదు. పెట్టెలో వచ్చే కొలత కాగితంతో మొదటి రెండు నెలలూ వారానికొకసారి కొలుచుకోండి.

ఇక అతికించే పద్ధతి. పొద్దున్నే, ఏమీ తినకముందు మార్చుకుంటే స్టోమా కాస్త నిదానంగా ఉంటుంది. పాత పట్టీని (సంచికి ఉండే, చర్మానికి అతికే జిగురు భాగాన్ని) లాగేయకుండా, ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టుకుని పైనుంచి కిందికి ఒలవండి. గోరువెచ్చని నీళ్లతో, మెత్తని పాత నూలు గుడ్డతో కడగండి. సబ్బు వాడక తప్పకపోతే నూనె, సువాసన లేనిది వాడి నురగ పూర్తిగా పోయేలా కడగాలి. ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి, ఫ్యాను కింద రెండు నిమిషాలు కూర్చున్నా చాలు. కనిగిరి వైపు ఒక పెద్దాయన ఇంట్లో చూశాను. ఆయన నులక మంచం మీద వెనక్కి ఆనుకుని పొట్ట చర్మం ముడత లేకుండా సాగదీసి పట్టుకుంటే, భార్య కొత్త పట్టీని రెండు అరచేతుల మధ్య వెచ్చబెట్టి, అడుగు అంచు నుంచి మొదలుపెట్టి పైకి అద్దుతూ అతికించింది. అతికించాక అరచేయి దానిమీద అలాగే ఉంచి, ఆ ఊరి కబుర్లు చెబుతూ కూర్చుంది. ఒంటి వేడికి జిగురు పట్టుకుంటుందని ఆమెకు ఆసుపత్రిలో నర్సు చెప్పిందట. చేయి తీసేయాలన్న తొందర ఆమెకు లేదు, ఆయన సంచి నాలుగు రోజులు నిలుస్తుంది.

ఇవన్నీ చేసినా కారుతుంటే మీ పొట్ట ఆకారానికి ఆ పట్టీ సరిపడటం లేదని అర్థం. స్టోమా చర్మంతో సమానంగా గానీ లోపలికి గానీ ఉంటే మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే పట్టీ కావాలి. ముడతలు ఉంటే పూడ్చే పేస్టు, స్టోమా చుట్టూ పెట్టే మెత్తని జిగురు ఉంగరాలు దొరుకుతాయి. వేలూరు, చెన్నై పెద్ద ఆసుపత్రుల్లో స్టోమా సంరక్షణలో శిక్షణ పొందిన నర్సులు ఉంటారు. చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరును చూసి వచ్చేయకుండా ఆ నర్సును కలిసి, మీరు కూర్చుని, నిలబడి, వంగి చూపించండి. పడుకున్నప్పుడు కనిపించని ముడత కూర్చుంటే కనిపిస్తుంది.

సంచి మూడో వంతు, మహా అయితే సగం నిండగానే ఖాళీ చేయాలి. బరువెక్కిన సంచి ఎంత మంచి పట్టీనైనా లాగేస్తుంది.

చుట్టూ చర్మం ఎర్రగా మండుతోంది. కొబ్బరి నూనె రాయమంటున్నారు.

రాయకండి. నూనె, పసుపు, మామూలు పౌడరు, డెట్టాల్ ఏవీ పట్టీ కింద పనికిరావు. నూనె ఉంటే జిగురు అంటదు, మళ్లీ కారుతుంది, మంట ఇంకా పెరుగుతుంది. స్టోమా కోసమే తయారైన పౌడరును పుండు మీద చల్లి, ఎక్కువైనది దులిపేసి, ఆపైన అతికించాలి. ఎర్రటి చిన్న చిన్న పొక్కులతో దురద పెడుతుంటే ఫంగస్ కావచ్చు. ఉక్కపోత రోజుల్లో మన దగ్గర ఇది మామూలే. దానికి డాక్టరు రాసిన మందు కావాలి. మంట పుడుతున్నా "ఇంకో రెండు రోజులు ఆగుదాం" అని సంచిని అలాగే ఉంచుకోవడం డబ్బు ఆదా చేయదు, పుండు పెంచుతుంది.

రోహిణి కార్తె ఎండల్లో ఏం చేయాలి?

నెల్లూరు, ఒంగోలు ఎండల గురించి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇలియోస్టమీ ఉన్నవారికి మాత్రం ఇది ఏడాదిలో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. చిన్నపేగు దాటి వచ్చిన నీటినీ ఉప్పునూ తిరిగి ఒంట్లోకి తీసుకునే పని పెద్దపేగుది. మనకు ఆ దారి లేదు. చెమటలో పోయేది అదనం. అందుకే దాహం వేసినప్పుడల్లా బిందె నీళ్లు తాగినా సరిపోదు. ఉప్పు లేని వట్టి నీళ్లు మరీ ఎక్కువైతే సంచిలోకి వచ్చేది ఇంకా పెరుగుతుంది.

ఓఆర్ఎస్ పొడి ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని రాసి ఉన్నది, 20.5 గ్రాముల ప్యాకెట్, సరిగ్గా ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలుపుకుంటే పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి వేయండి. ఉప్పు వేసిన పలచని మజ్జిగ, గంజి మన ఇళ్లలో ఎలాగూ ఉన్నవే, అవీ మంచివే. కూల్‌డ్రింకులు, తీపి పళ్లరసాలు దాహం తీర్చినట్టే తీర్చి సంచి నింపుతాయి.

సంచిలోంచి రోజుకు ఒకటిన్నర లీటరు దాటి వస్తున్నా, మూత్రం ముదురు పసుపు రంగులో చాలా తక్కువగా వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా ఇంట్లో ఆగవద్దు. సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు. బీపీకి నీటి మాత్రలు వాడేవారు, కిడ్నీ, గుండె జబ్బులున్నవారు, షుగరు ఉన్నవారు ఎండలు ముదరకముందే, అంటే ఉగాది రోజుల్లోనే, ఎంత తాగాలి, ఏ మాత్ర తగ్గించాలి అని డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇంకొక మాట. సంచుల పెట్టెను ఎండలో నిలిపిన కారులోనో, రేకుల కప్పు కింద అటక మీదో పెట్టకండి. వేడికి జిగురు పాడవుతుంది.

చేపల పులుసు తినవచ్చా?

తినవచ్చు. నెల్లూరులో ఉండి చేపల పులుసు మానేయమంటే అది వైద్యం కాదు. ఆపరేషన్ అయిన మొదటి ఆరు వారాలు మెత్తని అన్నం, పెరుగు, బాగా ఉడికిన సొరకాయ, బీరకాయ (చెక్కు తీసి), ఇడ్లీ, గుడ్డు లాంటివి తింటూ, ఆ తర్వాత ఒక్కొక్కటిగా పాత రుచులు చేర్చండి. ఒక రోజు ఒక కొత్త పదార్థం. ఏది పడిందో, ఏది పడలేదో అప్పుడే తెలుస్తుంది. పులుసులో పులుపు, కారం మొదట్లో తగ్గించి, ముల్లు తక్కువగా ఉండే కొరమీను లాంటిదానితో మొదలుపెట్టండి. చేప, గుడ్డు, వెల్లుల్లి తిన్న రోజు సంచి ఖాళీ చేసేటప్పుడు వాసన ఎక్కువగా ఉంటుంది. అంతకు మించి ప్రమాదం లేదు.

ఇలియోస్టమీ ఉన్నవారు నిజంగా భయపడాల్సింది పీచుతో అడ్డుపడే వాటికి. మునక్కాయ పిప్పి, పచ్చి కొబ్బరి, వేరుశనగ గుళ్లు, మొక్కజొన్న, పుట్టగొడుగులు, పనస తొనలు, పీచు మామిడి టెంక చీకడం వీటిలో ఉన్నాయి. మునక్కాయ రసం తాగండి, పిప్పి వద్దు. కొబ్బరి పచ్చడి మెత్తగా రుబ్బి కొంచెం వేసుకోవచ్చు. మామిడిపండు రసం తీసుకోండి. ఏదైనా బాగా నమిలి, నిదానంగా తినడమే అసలు మందు. సంచిలోకి మరీ పలచగా వస్తుంటే అరటిపండు, సగ్గుబియ్యం, పెరుగన్నం, ఉడికించిన బంగాళాదుంప గట్టిపరుస్తాయి. కొలోస్టమీ ఉన్నవారికి ఇన్ని నియమాలు లేవు, దాదాపు అందరిలాగే తినవచ్చు. గ్యాస్ ఇబ్బంది పెడితే పప్పులు, క్యాబేజీ, సోడాలు తగ్గించి చూడండి.

రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగిస్తే నిద్రలో లేవాల్సిన పని తగ్గుతుంది.

పక్కన కూర్చున్నవారికి వాసన వస్తుందా?

సంచి సరిగ్గా అతికి ఉంటే రాదు. ఇప్పటి సంచుల ప్లాస్టిక్ వాసనను పట్టి ఉంచుతుంది. వాసన వస్తోందంటే ఎక్కడో అంచు లేచిందని అర్థం, అప్పుడు మార్చేయండి.

స్నానం?

సంచితోనూ చేయవచ్చు, తీసేసీ చేయవచ్చు. స్టోమాలోకి నీళ్లు పోవు.

ఇంట్లో పెద్దవాళ్లు మైల అంటున్నారు. పూజగదిలోకి వెళ్లవచ్చా? గుడికి?

ఈ ప్రశ్న అడిగినవారి కళ్లలో నీళ్లు చూశాను కాబట్టి సూటిగా చెబుతున్నాను. వెళ్లండి. సంచిలో ఉన్నది ఏదో, ఎదురుగా నిలబడి మిమ్మల్ని ఆపుతున్నవారి కడుపులోనూ అదే ఉంది. మీది మూత వేసి, శుభ్రంగా కట్టి ఉంది. స్నానం చేసి, సంచి ఖాళీ చేసుకుని, ఉతికిన బట్ట కట్టుకుంటే ఏ మనిషికైనా అంతకన్నా కావలసిన శుచి లేదు. రంగనాయకుల గుడికి వెళ్లేవారూ, సంచితోనే తిరుమల వెళ్లి వచ్చినవారూ ఉన్నారు.

నమాజు గురించి అడిగే సోదరులకు: ఆగకుండా స్రవించే ఇబ్బంది ఉన్నవారు ప్రతి నమాజు వేళకూ కొత్తగా వుజూ చేసుకుని నమాజు చదువుకునే సౌలభ్యం ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఉంది. మీ ఇమాముతో మాట్లాడండి. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ లాంటి జనసమ్మర్దంలోకి వెళ్లేటప్పుడు పొట్టకు మోచేతులు తగలకుండా సంచి మీద మెత్తని నూలు పట్టీ కట్టుకోండి.

చీర, పంచె ఎక్కడ కట్టుకోవాలి?

ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు మీరు బొడ్డు పైన కడతారా, కింద కడతారా చూపించండి. నిలబెట్టి, కూర్చోబెట్టి పెన్నుతో గుర్తు పెట్టమని అడగండి. ఇది మీ హక్కు. అత్యవసరంగా ఆపరేషన్ జరిగి ఆ అవకాశం లేకపోతే లంగా బొందు సరిగ్గా స్టోమా మీద పడకుండా పైకో కిందికో మార్చుకోవాలి. బొందుకు బదులు వెడల్పాటి మెత్తని నాడా కుట్టించుకుంటే ఒత్తిడి ఒక్కచోట పడదు. పంచె, లుంగీ వారికి లోపల ఎత్తైన నడుము ఉన్న లోదుస్తు సాయపడుతుంది.

మళ్లీ పనికి వెళ్లగలనా?

వెళ్లగలరు. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దు. స్టోమా పక్కన పొట్ట గోడ బలహీనంగా ఉంటుంది, అక్కడ పేగు ఉబికి హెర్నియా వస్తుంది. ఇంట్లో ఎవరూ గమనించని బరువులు రెండున్నాయి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒకటి, నిండు గ్యాస్ సిలిండర్ మరొకటి. సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు రెట్టింపు. ఆ తర్వాత కూడా బరువు పని తప్పనివారు స్టోమా బెల్టు కట్టుకుని, ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా పని చేయాలి. రొయ్యల చెరువుల దగ్గర, వరి పొలాల్లో పనిచేసేవారికి చెమట వల్ల సంచి తరచు ఊడుతుంది, నాలుగు రోజుల సంచి రెండు రోజులే వస్తుందని ముందే లెక్క వేసుకోండి. గట్టున నీడలో ఒక డబ్బాలో కత్తిరించి సిద్ధం చేసిన సంచి, గుడ్డ, సీసా నీళ్లు ఉంచుకుంటే మధ్యలో ఇంటికి పరుగెత్తనక్కరలేదు.

భార్యాభర్తల సంబంధం?

కుట్లు మానాక, డాక్టరు సరే అన్నాక మునుపటిలాగే ఉండవచ్చు. ముందు సంచి ఖాళీ చేసుకోండి, కావాలంటే గుడ్డ తొడుగు వేసుకోండి. పురీషనాళం, మూత్రాశయం ఆపరేషన్ల తర్వాత కొందరు మగవారికి నరాల వల్ల ఇబ్బంది రావచ్చు, ఆడవారికి నొప్పి ఉండవచ్చు. రెండింటికీ చికిత్స ఉంది, సిగ్గుపడి దాచకండి. పిల్లలు కావాలనుకునేవారికి స్టోమా అడ్డంకి కాదు. ఇలియోస్టమీ ఉండి గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఒకసారి డాక్టరును అడగండి.

ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్నాను. ఇంతలో కీమో అన్నారు. ఆ తర్వాత హెర్నియా అన్నారు. ఇంకెన్ని?

నన్ను ఎక్కువగా బాధించే ప్రశ్న ఇదే. సంచి ఒక్కటే అయితే చాలామంది అలవాటు పడతారు. దాని వెనకే షుగరు పెరగడం, రక్తం తగ్గడం, మోకాళ్ల నొప్పి, కిడ్నీలో రాయి వస్తే మనిషి కూలబడతాడు. ఇలియోస్టమీ ఉన్నవారికి నీరు తగ్గి కిడ్నీలో రాళ్లు ఏర్పడటం, చిన్నపేగు చివరి భాగం తీసేసినవారికి బి12 విటమిన్ తగ్గడం తెలిసిన సంగతులే. వాటిని పాత శాపం కొనసాగింపుగా చూడకండి. ఒక్కొక్కటి విడివిడి సమస్య, ఒక్కోదానికి ఒక పరీక్ష, ఒక మందు, ఒక డాక్టరు ఉన్నారు.

నేను చెప్పే పద్ధతి ఒకటే. ఒక పాత నోటు పుస్తకం తీసుకుని, ఒక్కో జబ్బుకు ఒక పేజీ కేటాయించండి. మందు పేరు, తదుపరి చెకప్ తేదీ, అడగాల్సిన ప్రశ్న అందులో రాయండి. రాసిపెట్టినది రాత్రి రెండింటికి తలలో తిరగడం తగ్గుతుంది. కీమో రోజుల్లో విరేచనాలు ఎక్కువై సంచి నిండుతుంది, నోరు పూస్తుంది, చర్మం సున్నితమవుతుంది. ఆ వారాల్లో సంచులు ఎక్కువ ఖర్చవుతాయని ముందే తెప్పించండి, వంట పని, పిల్లల పని ఎవరు చూస్తారో ముందే ఒప్పించండి. హెర్నియా వచ్చిన ప్రతివారికీ ఆపరేషన్ అవసరం ఉండదు. చాలామంది బెల్టుతో నెట్టుకొస్తారు.

ఓర్పు అంటే ఏడవకపోవడం అనుకోకండి. ఏడ్చిన రోజు కూడా సంచి ఖాళీ చేసి, ఓఆర్ఎస్ తాగి, మాత్ర వేసుకుంటే ఆ రోజు మీరు చేయాల్సింది చేసినట్టే.

ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. బతకాలని లేదు.

ఇప్పుడే ఒకరికి చెప్పండి. 14416 టెలీమానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి, ఆసక్తి లేకపోతే అది చికిత్సకు లొంగే జబ్బు. ఇంట్లోవారు "నీకేం తక్కువ చేశాం" అని అడగకుండా పక్కన కూర్చోండి, ఆసుపత్రికి వెంట వెళ్లండి. మీలాగే సంచి ఉన్న మరొక మనిషితో అరగంట మాట్లాడితే కలిగే ఊరట వేరు. మీ సర్జన్‌ను అడిగితే, ఒప్పుకున్న పాత రోగితో మాట్లాడిస్తారు.

సంచి తాత్కాలికమన్నారు. ఎప్పుడు తీస్తారు?

అన్నీ సవ్యంగా ఉంటే సాధారణంగా రెండు మూడు నెలలకు, కీమో ఉంటే అది ముగిశాక. తీసిన తర్వాత కొన్ని నెలలు రోజుకు చాలాసార్లు విరేచనానికి వెళ్లాల్సి రావచ్చు. ఈ సంగతి ముందే తెలిస్తే నిరాశ తగ్గుతుంది.

ఖర్చు ఎలా? పథకంలో వస్తాయా?

ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ జరిగితే డిశ్చార్జికి ముందే ఆసుపత్రిలోని పథకం కౌంటరులో సంచుల సంగతి అడగండి. 104కు ఫోను చేసి కూడా కనుక్కోవచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స విభాగాన్ని అడగడానికి మొహమాటపడకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 వైకల్యాల్లో స్టోమా పేరు లేదు. ఇది సరిదిద్దాల్సిన లోపమని నా గట్టి అభిప్రాయం.

రెండు భాగాల సంచిలో పట్టీని అలాగే ఉంచి సంచిని మాత్రం కడిగి మార్చుకోవచ్చు, కొందరికి ఖర్చు తగ్గుతుంది. ఈ అతికే సంచిని 1954లో ఆలోచించింది డెన్మార్క్‌కు చెందిన ఎలీసె సోరెన్‌సెన్ అనే నర్సు. ఆపరేషన్ తర్వాత బయటికి రావడానికి భయపడుతున్న తన చెల్లెలి కోసం ఆలోచించింది.

తుఫాను వస్తే? చెన్నై ప్రయాణం?

2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర రైలు మార్గం, జాతీయ రహదారి తెగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మన తీరాన్ని తడిపి బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. దారులు మూసుకుంటే కొరియర్ రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంట్లో కనీసం నెలకు సరిపడా సంచులు, ఓఆర్ఎస్, తాగేనీళ్లు ఉంచుకోండి. ప్రయాణంలో రెండింతలు తీసుకెళ్లండి, చేతి సంచిలోనే పెట్టుకోండి, రంధ్రాలు ముందే కత్తిరించుకోండి. వాడిన సంచిని ఖాళీ చేసి కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి, రైలు మరుగుదొడ్డిలో వేయకూడదు.

ఎప్పుడు వెంటనే 108కి ఫోను చేయాలి?

ఇలియోస్టమీ నుంచి నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ రాకుండా మెలిపెట్టే నొప్పి, వాంతి ఉంటే. స్టోమా నల్లబడితే. రక్తం ధారగా కారితే. పేగు మునుపటికన్నా చాలా ఎక్కువ బయటికి జారి లోపలికి వెళ్లకపోతే. యూరోస్టమీ ఉన్నవారికి మూత్రం ఆగినా, చలిజ్వరం వచ్చినా. స్పృహ తేడాగా ఉంటే. డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, రెండు సంచులు ఒక కవరులో పెట్టి తలుపు పక్కన మేకుకు తగిలించి ఉంచండి. చాలా చిన్న ఆసుపత్రుల్లో రాత్రిపూట సంచులు దొరకవు.